ఆంటోన్ డి బారీ - బూజుల గుట్టు తెలిపిన శాస్త్రజ్ఞుడు

విద్యార్థులారా! వానకాలమున మన లక్కడ్‌కోట్ ప్రాంతమున కుళ్ళిన మ్రానులపై పసుపుపచ్చని జిగురుపొర యొక్కొకప్పుడు కానవచ్చును. దానిని జిగురుబూజు అందురు. ఇట్టి యల్పజీవులను శ్రద్ధతో పరిశోధించిన యొక మహనీయుని చరిత్రమును మేమిచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆంటోన్ డి బారీ 1831 జనవరి 26న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమున నొక వైద్యుని యింట జన్మించెను. తానును 1853లో బెర్లిన్‌లో వైద్యపట్టమునందెను. కాని వృక్షశాస్త్రమునే వరించెను.

1845 మొదలు బంగాళాదుంప తెగులువలన ఐర్లండులో కరవు వాటిల్లి సుమారు పదిలక్షలమంది మరణించిరి. మొక్క కుళ్ళినపిదపనే బూజు పుట్టునని నాడు పెక్కురు పండితులు తలంచుచుండిరి. డి బారీ 1861లో ఆరోగ్యముగానున్న మొక్కలకు ఆ బూజుబీజములను సోకించి, తెగులు పుట్టుటను చూపెను. బూజు తెగులునకు ఫలితము గాదు, కారణమని తేలెను. గోధుమకు పట్టు కుంకుమ తెగులు తన జీవితమున కొంతకాలము బార్బెర్రీ యను పొదపై గడపునని 1865లో నిరూపించెను.

జిగురుబూజుల బీజములనుండి అమీబావలె చలించు కణములు వెలువడుటను గాంచి, అవి జంతువులకు దగ్గరివని 1859లోనే చెప్పెను. నేటి శాస్త్రమును వానిని శిలీంధ్రములనుండి వేరుచేసి అమీబాల వర్గమున చేర్చినది. మన దేశమున 1950 దశకమున వి. అగ్నిహోత్రుడుగారు దక్షిణభారతపు జిగురుబూజులనుగూర్చి వ్యాసపరంపర వెలయించిరి.

డి బారీ 1872లో స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడై, 1888లో పరమపదించెను.

మీ తలిదండ్రులలో పెక్కురు కృషీవలులు. పైరు చెడినప్పుడు విధియని యూరకుండక, ఆకును పరికించి కారణమును వెదకుడు. అదియే యాతనికి మనము చేయు నిజమైన పూజ.