రెండు గంటలు ఆలస్యమైన రైలుకు ఏ మాట?

ప్రశ్న: హౌరా లోకల్ రెండు గంటలు ఆలస్యంగా వచ్చిందని ఇంగ్లీషులో రాస్తూ ‘లాస్ట్‌లీ ది ట్రైన్ కేమ్’ అన్నాను. మాస్టారు కొట్టేశారు. ఎందుకండీ?
– ఒక విద్యార్థిని, సుభాష్‌పల్లి, ఖరగ్‌పూర్

జవాబు: మాస్టారు కొట్టేయడం సబబేనమ్మా. ‘లాస్ట్‌లీ’ వరసలో ఆఖరి అంశానికే. ఎదురుచూపుతో దానికి సంబంధం లేదు. నీ రైలుకు ‘ఎట్ లాస్ట్’ పెట్టు. కాళ్లు పీకేదాకా నిలబడ్డాక వచ్చే ‘హమ్మయ్య’ అందులో ఉంది. అందుకే ‘ఎట్ లాస్ట్ హి డైడ్’ అని రాయకు, ఆయన పోవడం కోసం కాచుక్కూర్చున్నట్టు ఉంటుంది! ‘ఫైనల్లీ’ కూడా సరిపోతుంది, ‘ది ట్రైన్ హాజ్ ఫైనల్లీ కమ్’ అని ప్రధాన క్రియకు ముందు.

‘ఈవెంచువల్లీ’లో ఊరట ఉండనక్కర్లేదు, కాలం గడిచాక జరిగిందంతే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పని కోసం వచ్చిన తెలుగువాళ్లు చాలామంది ‘ఈవెంచువల్లీ’ ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించింది. ఆ సంగతి దానికోసం ఎదురుచూసిన మీ వీధి తెలుగువాళ్లు రాస్తే ‘ఎట్ లాస్ట్’, ఎక్కడో కూర్చున్న చరిత్రకారుడు రాస్తే ‘ఈవెంచువల్లీ’.

‘ఎట్ ది ఎండ్’ అంటే ప్లాట్‌ఫారం చివర లాంటి చోటు, లేదా సినిమా ఆఖరు. తర్జనభర్జన పడి ఏదో ఒకటి తేల్చుకుంటే ‘ఇన్ ది ఎండ్’: రైలు రాలేదు, ‘ఇన్ ది ఎండ్’ బస్సెక్కాం.