నెత్తురు ముట్టుకోవాల్సొస్తే

కోటబొమ్మాళి

అల్లుడూ,

ఆర్మీ ట్రైనింగ్‌కి పిలుపొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తగువులోనో యుద్ధంలోనో పక్కవాడి నెత్తురు నీ దెబ్బ మీద పడితే ఎయిడ్స్ వస్తాదా అని అడుగుతున్నావట. మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసొచ్చినోణ్ని కదా, నేనే రాస్తన్నాను. ఫోన్లో చెప్తే సగమే వింటావు.

నువ్వు భయపడాల్సిన జబ్బు వేరే ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవాడి నెత్తురంటిన సూది గుచ్చుకుంటే, జబ్బు అంటేది వెయ్యికి ముగ్గురికి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి అయితే నూటికి ఇద్దరి లోపే. టీకా లేనివాళ్ళకి హెపటైటిస్-బి మాత్రం నూటికి 6 నుంచి 30 మంది దాకా అంటుకుంటాది. ఎండిపోయిన నెత్తురు మరకలో కూడా వారం రోజులు బతికే మొండి ఘటం అది. జపాన్‌లో ఒక హైస్కూలు సుమో జట్టు కుర్రాళ్ళకి ఇది ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఆ సంగతి 1982లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఇజ్రాయెల్‌లో ఆత్మాహుతి బాంబు పేల్చినవాడి ఎముక ముక్క గాయపడినవాళ్ళ ఒంట్లో దిగితే, ఆ ముక్కలోనూ ఈ వైరస్ దొరికింది. అందుకే 2005 లండన్ పేలుళ్ళ తర్వాత క్షతగాత్రులకి ఈ టీకా వేశారు.

ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేది, మనలాంటోళ్ళు కొనే ధర కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాద్‌లో తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో శాన్‌వాక్-బి తెచ్చాకే ధర దిగింది. నీకు చిన్నప్పుడు వేశారో లేదో మీ అమ్మకి గుర్తులేదట, కార్డేమో చెదలు తినేసింది. అయితే మళ్ళీ మొదలెట్టు: ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలకొకటి.

టీకా ఉన్నా లేకపోయినా ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. పక్కవాడి తొడలోంచి నెత్తురు చిమ్ముతుంటే జబ్బు గురించి ఆలోచిస్తూ నిలబడకు. పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతాది. గ్లౌజులు పై జేబులోనే ఉంచుకో. అందకపోతే పాలిథీన్ సంచీ చేతికి తొడుక్కో. నెత్తురు ఆపేలా గట్టిగా కట్టు కట్టు. కడుక్కోవడాలన్నీ ఆ తర్వాతే. సబ్బూ, పారే నీళ్ళూ చాలు. గాయం పిండొద్దు, నోటితో పీల్చొద్దు. కంట్లో పడితే మంచినీళ్ళతో బాగా కడుగు.

తర్వాత ఎం.ఐ. రూమ్‌కి, అంటే యూనిట్ వైద్యుడి గదికి వెళ్ళి, జరిగింది చెప్పు. రికార్డులోకి ఎక్కుతాదని దాచేసిన కుర్రాళ్ళని చూశాను. వాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాలేదు, కానీ అది తెలివితక్కువతనం. హెచ్‌ఐవీ రాకుండా వేసే మాత్రలు 72 గంటల్లోపే మొదలెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది. 28 రోజులు వదలకుండా మింగాలి.

యుద్ధం దాకా ఎందుకు, బ్యారక్‌లోనే ప్రమాదం ఉంటాది. ఒకడి రేజర్‌తో ఇంకొకడు గీసుకుంటాడు. బాక్సింగ్ ప్రాక్టీసులో ముక్కు పగిలితే ఒకే తువ్వాలుతో నలుగురు తుడుచుకుంటారు. నువ్వు ఆ జట్టులో చేరకు. కొత్తమ్మతల్లి జాతరలో స్నేహితులంతా కలిసి ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించుకోవాలని అనుకుంటున్నారట. ఆ ఆలోచన మానుకో.

మొదటి డోసు బయల్దేరేలోపే మన ఆసుపత్రిలో వేయించుకో. ఆ టీకా చీటీకి జిరాక్సు తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టు. మిగతా రెండూ ఎప్పుడు వేయాలో ట్రైనింగ్‌లో డాక్టర్‌కి ఆ చీటీ చూపించి అడుగు.

ఇట్లు,
మీ మావయ్య