గాయం కడిగావా, బిడ్డా?

వికారాబాద్

చిరంజీవి మనవడికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరంలో పరీక్షల సంగతి, రూమ్ కిరాయి సంగతి ఉన్నాయి గాని కాలి మాట లేదు. తాండూరులో నాపరాయి అంచు దిగబడిందని, గుడ్డ చుట్టుకుని మళ్లీ పాలిష్ యూనిట్‌కు పోయావని మీ చిన్నత్త చెప్పింది. అప్పటి నుంచి తాతకు అన్నం సయించడం లేదు. ఎంత లోతు దిగింది? మట్టి పడిందా?

సినాప్టోబ్రెవిన్, సింటాక్సిన్, స్నాప్-25 అనే ప్రోటీన్ల పేర్లు తలకెక్కడం లేదని రాశావు. విను, అవి నీ కాలి సంగతే. నరం కొసన చిన్న చిన్న తిత్తుల్లో రసాయన సందేశాలుంటాయి. తిత్తి పొర మీద సినాప్టోబ్రెవిన్, నరకణం పొర మీద మిగతా రెండు. ఇవి జడపాయల్లా పెనవేసుకుని రెండు పొరలనూ దగ్గరికి లాగుతాయి. కాల్షియం రాగానే సినాప్టోటాగ్మిన్ అనే మరో ప్రోటీన్ పసిగడుతుంది. మిల్లీసెకను లోపే పొరలు కలిసిపోయి సందేశం పక్క కణానికి చేరుతుంది. కణంలో తిత్తుల రవాణా గుట్టు విప్పినందుకే 2013లో రాత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు నోబెల్ వచ్చింది.

ఇక నీ కాలి సంగతికొస్తే, ధనుర్వాతం క్రిమి మట్టిలో ఉంటుంది. దాని విషం గాయం దగ్గర నరం పట్టుకుని వెన్నుపాము దాకా ఎక్కి, కండరాలను అదుపులో పెట్టే కణాల్లో దూరి, సినాప్టోబ్రెవిన్‌ను తెగ్గోస్తుంది. ఇటలీలో షియావో, మాంటెకూకో బృందం 1992లో ఈ కోత సంగతి తేల్చింది. ఇక సడలమనే సందేశం అందదు. దవడ పట్టేస్తుంది, వెన్ను వంగిపోతుంది. నరంలోకి దూరిన విషాన్ని ఏ మందూ విరవలేదు.

తాత చదువుకునే రోజుల్లో గనిలో పనిచేసే మేస్త్రి ఒకాయన ఇలాగే ధనుర్వాతంతో మంచాన పడ్డాడు. చేతిలో సుత్తి ఉంటే పాట ఆగేది కాదు ఆయనకు. పిల్లలందరికీ బెల్లం ముక్కలు పంచేవాడు. చివరికి కిటికీలకు దుప్పట్లు కట్టారు. తలుపు చప్పుడైనా ఒళ్లు బిగుసుకునేది. ఆ ఇంటి ముందు నిలబడి తాత ఏడ్చాడు. నువ్వు పుట్టాక ఆ భయం ఇంకా పెరిగింది, నాన్నా.

బాలింతలు, పసికందుల ధనుర్వాతాన్ని దేశంలో మొదట నిర్మూలించింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 2003లో. దేశమంతటికీ ఆ ఘనత 2015లో దక్కింది. కానీ మట్టిలో క్రిమి ఎక్కడికీ పోలేదు. నొప్పి తగ్గిందని ఊరుకోకు. లక్షణాలు సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లో బయటపడతాయి. 16 ఏళ్లప్పుడు ధనుర్వాతం రాకుండా వేసే టీడీ సూది పడిందో లేదో మీ అమ్మకూ గుర్తులేదు. గాయాన్ని సబ్బునీళ్లతో బాగా కడిగి, ఇవాళే సర్కారు దవాఖానకు పో. సూదులన్నీ సరిగ్గా పడలేదంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలేమో డాక్టరునే అడుగు. కూలి పోతే పోనీ, తాత పంపుతాడు.

సూది చీటీ ఫోటో తీసి పంపు. అమ్మమ్మ కూడా ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంది.