నడుము నొప్పి: విశ్రాంతి ఎంత? పని ఎంత?

నాట్ల కాలము ముగియగానే మన గ్రామములలో వీధి వీధినా వినవచ్చు మాట ఒకటి కలదు: "నడుము పట్టుకుపోయినది." దినమంతయు బురదలో వంగి నారు నాటిన స్త్రీకిని, ధాన్యపు బస్తాలు మోసిన హమాలీకిని ఈ బాధ క్రొత్త కాదు. చాలమందికి కొలది వారములలో తగ్గిపోవును. మూడు నెలలు దాటినను విడువనిచో దానిని దీర్ఘకాలిక నొప్పి యందురు.

ఇట్టి నొప్పి వచ్చిన ఇండ్లలో రెండు పొరపాట్లు జరుగుచుండును. ఒకటి, రోగిని నెలల తరబడి మంచము దిగనీయకుండుట. రెండవది, భయపడి, అప్పు చేసి, శస్త్రచికిత్సకు సిద్ధపడుట. సలహాకో, చేబదులుకో వీరు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుని గడపకే. కనుక సభ్యులు ఈ విషయము తెలిసికొని యుండుట మంచిది.

నడుము నొప్పి గల నూరుమందిలో దాదాపు తొంబది మందికి ప్రత్యేకమైన వ్యాధి యేదియు కారణముగా కనబడదు. స్కానింగు కాగితముపై "డిస్కు అరిగినది" అని చూచి పలువురు బెదరిపోవుదురు. 2015లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము, ఏ నొప్పియు లేని ఇరువది ఏండ్ల వారిలో సైతము నూటికి 37 మందికి, ఎనుబది ఏండ్ల వారిలో 96 మందికి ఇట్టి అరుగుదల యున్నది. తల నెరయుట వంటిదే ఇదియు. కాగితమును మాత్రమే చూచి కత్తికి ఒప్పుకొనరాదు.

ఇక విశ్రాంతి సంగతి. 1986లో అమెరికా వైద్యుడు రిచర్డ్ డేయో, ఆయన సహచరులు నడుము నొప్పి రోగులలో కొందరికి రెండు దినములు, కొందరికి ఏడు దినములు మంచముపై విశ్రాంతి చెప్పి చూచిరి. రెండు దినములవారు పని మానిన రోజులు నూటికి 45 వంతున తగ్గెను. నొప్పి నయమగుటలో మాత్రము భేదము కనబడలేదు. వాడని కండరము త్వరలోనే బలము కోల్పోవును. బలము తగ్గిన నడుము పనికి వంగగానే మరింత నొచ్చును. ఆ భయముతో మనిషి తిరిగి మంచమెక్కును. ఈ చక్రమును త్రెంచుటయే అసలు చికిత్స.

నొప్పి తీవ్రముగా నున్నపుడు ఒకటి రెండు దినములు విశ్రమింపవచ్చును. తరువాత ఉదయము పది నిమిషములు, సాయంత్రము పది నిమిషములు చదునైన బాటపై నడువవలెను. మూడు నాలుగు దినముల కొకసారి రెండేసి నిమిషములు పెంచవలెను. వెల్లకిల పరుండి, మోకాళ్ళు మడచి, ఒక్కొక్క మోకాలిని రొమ్ము వైపునకు తెచ్చుకొనుట మొదట ఐదేసి మారులు చేయవచ్చును. కొంచెము నొచ్చి మరునాటి ఉదయమునకు సర్దుకొన్నచో భయము లేదు. మరునాడు హెచ్చినచో మానివేయక, ఒక మెట్టు దిగి మరల ఆరంభింపవలెను. బాగున్న దినమున వారము పని ఒక్కసారిగా చేయుటయు తప్పే. కొలత గడియారమును బట్టి యుండవలెను గాని ఉత్సాహమును బట్టి కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన సూచనలలోను వ్యాయామమునకును, రోగికి తన బాధను గూర్చి తెలియజెప్పుటకును ప్రాముఖ్యము కలదు. నడుము పట్టీలు, బరువులు కట్టి లాగు చికిత్స మామూలుగా వాడవలదని అందు చెప్పబడినది.

అయితే కొన్ని లక్షణములున్నచో ఆలస్యము కూడదు. మలమూత్రములు అదుపు తప్పుట, తొడల నడుమ తిమ్మిరి, కాలి బలము తగ్గిపోవుట, జ్వరము, కారణము లేక బరువు తగ్గుట, చెట్టు మీద నుండి పడిన పిదప వచ్చిన నొప్పి: ఇట్టివారిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. వారిలో కొందరికి శస్త్రచికిత్సయే రక్ష.

స్త్రీల విషయమున మరియొక హెచ్చరిక. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశములో నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అందరి కారణములు ఒకటి కావు. కాని నడుము నొప్పి యొక్కటే గర్భసంచి తీయుటకు తగిన కారణము కాదని ప్రతి ఇంటికిని తెలియవలెను.

సభ్యులు చేయదగినవి పెద్ద పనులు కావు. ఆశా కార్యకర్త ద్వారా రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవచ్చును. కోలుకొనుచున్న కూలికి పని స్థలమున మంచినీరు అందించుట, పిల్లలను చూచుకొనుట వంటి తేలిక పని కొంతకాలము ఇప్పింపవచ్చును. బస్తా ఇద్దరు కలిసి ఎత్తు అలవాటు చేయింపవచ్చును. "పనికి రాదు" అని ఇంట కూర్చుండబెట్టిన మనిషి, నేడు పూట పనికి వచ్చి, పై నెలకు నిండు కూలి తెచ్చుకొనినచో, ఆ కుటుంబమునకు ఒక అప్పు తప్పినట్లే.