యంత్రం కాదంటే ఎవరిని అడగాలి?



కృత్రిమ మేధ అనే మాట ఈనాడు గూడూరులో కాలేజీ పిల్లల నోటనే కాదు, టీ అంగళ్ల దగ్గర కూడా వినిపిస్తున్నది. ఫోనులో అడిగినదానికి జవాబిచ్చే వింతగా చాలామంది దానిని చూస్తున్నారు. కాని అటువంటి యంత్రం మన బియ్యం కార్డు దాకా, పింఛను దాకా రాగలదని కొద్దిమందే గ్రహిస్తున్నారు. మరి దానిని అదుపులో ఉంచవలసినది ఎవరు? ఆ అదుపు ఎలా ఉండాలో ప్రభుత్వానికి తెలియజెప్పేది ఎవరు? ఇదే ఈ వారం మన పాఠం.

ముందుగా మన పొరుగు రాష్ట్రంలో జరిగినది తెలుసుకుందాం. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటరు వ్యవస్థను వాడుకలోకి తెచ్చింది. వేర్వేరు శాఖల దగ్గరున్న వివరాలను అది ఒకచోట చేరుస్తుంది. పేరు, చిరునామాల పోలికను బట్టి ఈ రికార్డు, ఆ రికార్డు ఒకే మనిషివని అంచనా కడుతుంది. ఇంటికి కారు ఉన్నదని తేలితే ఆ కుటుంబం ఆహార భద్రత కార్డుకు అనర్హమవుతుంది.

ఉద్దేశం మంచిదే. ఉన్నవారు లేనివారి బియ్యం తీసుకోరాదు గదా! అయితే మన ఊళ్లలో ఒకే పేరు గలవారు ఎందరో ఉంటారు. ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, మరొక కాగితంలో పొడి అక్షరంగా ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు ఆఫీసుకొక తీరు. మన విచారణలోనే ఎందరు మరియమ్మలు, ఎందరు చిన్నప్పలు ఉన్నారో లెక్కపెట్టి చూడండి. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒకాయనను, అటువంటి పేరే ఉండి కారు గల మరొకాయనగా ఆ వ్యవస్థ పొరబడింది. ఆ ఇంటికి బియ్యం ఆగిపోయింది.

ముందుగా నోటీసు ఇవ్వకుండా కార్డులు తీసివేశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయస్థానానికి వెళ్లారు. 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికి వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఏడాది జూలై నాటికి 2,05,734 దరఖాస్తులు చూడగా, 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అనగా నూటికి ఏడున్నర.

“మిగిలిన తొంభై రెండు సరిగానే ఉన్నాయి గదా” అని మీరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ 15,471 ఇండ్లలో ప్రతి ఇంటికీ అది నూటికి నూరు పాళ్ల నష్టమే. పైగా మునుపు కార్డు తీసేయాలంటే అధికారి కారణం చూపవలసి ఉండేది. యంత్రం మాటే చెల్లుబాటయినప్పుడు, తనకు కారు లేదని పేదవాడే నిరూపించుకోవలసి వచ్చింది. లేనిదానికి కాగితం ఎక్కడ తెస్తాడు?

ఇక్కడే పరిశోధకుల అవసరం కనబడుతుంది. ఒక ఇంటి కన్నీరు ఆ ఇంటి కష్టంగానే మిగిలిపోతుంది. వేల ఇండ్ల సంగతి లెక్క కట్టి చూపితే న్యాయస్థానమూ, శాసనసభా వినక తప్పదు. 2018లో జాయ్ బులామ్‌వినీ, టిమ్నిత్ గెబ్రూ అనే ఇద్దరు స్త్రీలు ముఖం చూసి ఆడ, మగ చెప్పే యంత్రాలను పరీక్షించారు. ఒక యంత్రం తెల్లని మగవారి విషయంలో నూటికి ఒక్కటి కూడా తప్పలేదు. నల్లని స్త్రీల విషయంలో నూటికి 34కు పైగా తప్పింది. ఆ చదువు అమెరికాలో చట్టాలు చేసేవారిని కదిలించింది. ఐరోపా దేశాల కూటమి 2024లో అమలులోకి తెచ్చిన చట్టం, ప్రభుత్వ సహాయానికి అర్హులను ఎంచే యంత్రాలను ఎక్కువ ప్రమాదం గలవాటిలో చేర్చింది.

ఇవన్నీ దూరదేశపు సంగతులు అనుకోవద్దు. మన గూడూరు నుండి రైలెక్కితే రెండు మూడు గంటల్లో చేరే చెన్నైలో, ఐఐటీ మద్రాసు ఆచార్యులు బి. రవీంద్రన్ గారు ఈ విషయం మీద ఒక పరిశోధనా కేంద్రం నడుపుతున్నారు. కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో కృత్రిమ మేధ పాలనకు ప్రకటించిన మార్గదర్శకాలను తయారుచేసిన సంఘానికి ఆయనే అధ్యక్షులు. మనిషికి మొదటి స్థానం, జవాబుదారీతనం, అర్థమయ్యే తీరు – ఇవి వాటిలోని సూత్రాలు. అయితే అవి మార్గదర్శకాలే, చట్టం కాదు.

శ్రీసభ కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2025 జనవరిలో వాటికన్ వెలువరించిన పత్రం, యంత్రం తీసుకున్న నిర్ణయానికి కూడా మనిషే బాధ్యుడని బోధిస్తుంది. 1891లో పదమూడవ లియో పోపుగారు కార్మికుల పక్షాన పలికిన పలుకును స్మరించి, కృత్రిమ మేధ యుగంలో అదే కర్తవ్యం మన ముందున్నదని పదునాలుగవ లియో పోపుగారు 2025 మే నెలలో తెలియజేశారు.

మన రాష్ట్రంలో 2019 తర్వాత వచ్చిన ఆరు అంచెల పరిశీలన మీకు తెలిసినదే. భూమి, నాలుగు చక్రాల బండి, నెలకు 300 యూనిట్ల కరెంటు వంటివి అందులో చూస్తారు. అది కృత్రిమ మేధ కాదు, రికార్డులు సరిచూడడమే. అయినా ఇంకొకరి మీటరు మీ ఆధార్‌కు కలిసి ఉంటే నష్టం ఒక్కటే. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

1. కార్డు గాని పింఛను గాని ఆగితే “కంప్యూటరు ఒప్పుకోలేదు” అనే మాటతో తిరిగి రావద్దు. ఏ అంచెలో, ఏ రికార్డు వలన ఆగిందో సచివాలయంలో వ్రాతపూర్వకంగా అడగండి.

2. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

3. బియ్యం విషయమైతే 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లాలో ఫిర్యాదుల అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉన్నారు.

4. మీ పొరుగున చదువురాని అవ్వ ఉంటే ఆమె అర్జీ మీ పిల్లల చేత వ్రాయించండి. పాతిక అర్జీలు ఒకచోట చేరితే, పరిశోధకులకు కావలసిన ఆధారం అదే.

ఈ ఆదివారం ఇంటిల్లిపాది కూర్చుని ఆలోచించండి: మన గురించి ఏ ఆఫీసులో ఏమి వ్రాసి ఉన్నదో మనకు తెలుసా? తప్పుంటే దిద్దుకునే దారి తెలుసా? యంత్రం ఎంత తెలివైనదైనా, కాదన్నప్పుడు కారణం చెప్పేందుకు ఒక మనిషి ఎదుట ఉండాలి. ఆ మనిషిని అడిగే హక్కు మనది.