రెండు సంస్థలు ఒకటైనప్పుడు మన లెక్కలేమగును?

2020 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను. పిమ్మట మా విద్యార్థుల తల్లిదండ్రులు కొందరు పాసుపుస్తకములతో మా వద్దకు వచ్చి, "పంతులుగారూ, మా సొమ్ము భద్రమేనా?" అని అడిగిరి. సొమ్మునకు భంగము లేదనియు, శాఖల ఐ.ఎఫ్.ఎస్.సి. సంకేతములు మారుననియు మేము చెప్పితిమి. నేడు పిల్లల చదువులకై వాటాలలో పొదుపు చేయువారును మనలో కలరు. వాటాల క్రయవిక్రయములు జరుపు దళారీ సంస్థయే మరియొక సంస్థ చేతిలోనికి పోయినచో ఏమగును? అమెరికాలో జరిగిన యొక ఉదాహరణమును గైకొని ఈ సంగతిని విచారింతము.

చార్లెస్ ష్వాబ్ అను సంస్థ టి.డి. అమెరిట్రేడ్ అను సంస్థను సుమారు 2,600 కోట్ల డాలర్ల విలువకు కొనుచున్నట్లు 2019 నవంబరులో ప్రకటించెను. 2020 అక్టోబరు 6వ తేదీన ఆ కొనుగోలు ముగిసెను. యాజమాన్యము ఒక్క దినమున మారినది. కాని ఖాతాలన్నియు ఒక్కటగుటకు 2024 మే నెల వరకు పట్టెను.

ఇంత జాగేల? దళారీ సంస్థలో రెండు భాగములు గలవు. ఒకటి ఖాతాపుస్తకము, రెండవది ఖాతాదారు చూచు తెర. ఎవరికెన్ని వాటాలున్నవి, వానిని ఏనాడు ఏ ధరకు కొనిరి, వారసుడెవరు అను వివరములు ఖాతాపుస్తకములో నుండును. వీనిని ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున వ్రాసికొనును. కుంచముతో కొలుచు ఇంటి ధాన్యమును కిలోలతో తూచు ఇంటికి చేర్చునప్పుడు గింజ పోకున్నను అంకె తప్పవచ్చును. వాటాను కొన్న ధర యొక్కటి తప్పినను, అమ్మిననాడు లాభమెంతో, పన్నెంతో తేలదు.

కావున ఖాతాలను ఒక్కమారుగా గాక ఐదు జట్లుగా చేసి తరలించిరి. మొదటి జట్టు 2023 ఫిబ్రవరిలోను, కడపటిది 2024 మే నెలలోను తరలెను. విపణి మూసియుండు వారాంతములనే ఇందుకు ఎన్నుకొనిరి. 2023 సెప్టెంబరులో కార్మిక దినోత్సవపు సెలవుతో కలిసివచ్చిన మూడు దినములలో పెద్ద జట్టును తరలించిరి. మొత్తము 1 కోటి 70 లక్షలకు పైగా ఖాతాలు, 1.9 లక్షల కోట్ల డాలర్లకు మించిన ఆస్తి ఇట్లు చేరినవి. ఖాతాదారులకు క్రొత్త ఖాతా నంబరులు వచ్చినవి. ప్రవేశ నామమును, సంకేతపదమును క్రొత్తగా ఏర్పరచుకొనవలసి వచ్చెను.

ఇందొక విశేషము గలదు. అమెరిట్రేడ్ వారి తెర పేరు థింకార్‌స్విమ్. అదియు వారు 2009లో కొనినదే. ష్వాబ్ వారు తమ ఖాతాపుస్తకమునే నిలుపుకొనిరి. కాని నిత్యము క్రయవిక్రయములు చేయువారు మెచ్చిన ఆ తెరను విడువక, తమ సొంత స్ట్రీట్‌స్మార్ట్ ఎడ్జ్‌ను విరమింపజేసిరి. కొన్నవాని సరకే మేలైనదని తలపక, వాడుకలో మేలనిపించుకొన్న దానిని నిలుపుట వివేకము.

మనదేశమున వాటాలు దళారీ వద్ద గాక, 1996లో వెలసిన ఎన్.ఎస్.డి.ఎల్., 1999లో పని మొదలిడిన సి.డి.ఎస్.ఎల్. అను నిక్షేపసంస్థలలో డీమ్యాట్ ఖాతాలుగా నుండును. కావున దళారీ సంస్థ మారినంతమాత్రమున వాటాలు పోవు. అయినను ఖాతాదారులు ఈ జాగ్రత్తలు పాటింపవలెను:

1. విలీన వార్త వినగానే పాత లెక్కల పత్రములన్నిటిని, ముఖ్యముగా కొన్న తేదీలను, ధరలను తెలుపువానిని దింపుకొని భద్రపరచుడు.

2. తరలింపు ముగియగానే వాటాల సంఖ్యను, వారసుని పేరును, బ్యాంకు ఖాతాను పాత పత్రముతో సరిచూడుడు.

3. నిక్షేపసంస్థలు పంపు ఏకీకృత ఖాతా నివేదికతోను పోల్చుడు.

4. విలీనము పేర ఫోనులో సంకేతపదమడుగువారిని నమ్మకుడు. సంస్థ చిరునామాను మీరే వెదకికొని విచారింపుడు.

ఈ సరిచూచు పనిలో ఇంట చదువుకొను బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడని మా మనవి. ఒక పత్రములోని అంకెను బిడ్డ చదువగా, రెండవ పత్రములో మీరు గురుతు పెట్టుడు. మేము తరగతిలో నేర్పు కూడికలు, తీసివేతలు ఇంటి సొమ్మును కాపాడుట ఆ బిడ్డ కన్నులార చూచును. సంస్థల పేర్లు మారుచునే యుండును. మన లెక్క మన యింట నున్నంత కాలము మనకు భయము లేదు.