ఇంటి ముద్రణాలయంలో క్రిస్మస్

1843వ సంవత్సరం చివర లండన్ నగరంలో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగికి ఒక చిక్కు వచ్చిపడింది. అంతకు మూడేళ్ల ముందు, 1840లో, బ్రిటన్‌లో పెన్నీ తపాలా పద్ధతి అమలులోకి వచ్చింది. ఆ సంస్కరణకు తోడ్పడినవారిలో కోల్ కూడ ఒకడు. ఒక్క పెన్నీతో దేశంలో ఏ మూలకైనా ఉత్తరం పంపే వీలు కలిగేసరికి పండుగ వేళ ఉత్తరాలు వెల్లువెత్తాయి. వచ్చిన ప్రతి ఉత్తరానికి జవాబు రాయడం మర్యాద. అందరికీ రాసే తీరిక ఆయనకు లేదు. అందుచేత జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత ఒక బొమ్మ గీయించి, రాతి అచ్చుపై దాదాపు వెయ్యి ప్రతులు తీయించి, చేతితో రంగులు వేయించాడు. వ్యాపారరీత్యా అమ్మకానికి వచ్చిన మొదటి క్రిస్మస్ శుభాకాంక్షల పత్రం అదే.

బొమ్మ నడుమ ఒక కుటుంబం విందు చేసుకుంటూ కనిపిస్తుంది. ఒక పక్క ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, మరొక పక్క బట్టలేనివారికి బట్ట ఇవ్వడం చిత్రించారు. పసిబిడ్డ నోటికి మద్యపు గ్లాసు అందిస్తున్నట్లుందని మద్యపాన నిషేధవాదులు ఆక్షేపించారు. వెల ఒక షిల్లింగు; ఆనాటి కూలివానికి అది అందని ధర. అయితే మనం గమనింపవలసింది వేరొకటి. పత్రంలో పైన ‘ఎవరికి’, కింద ‘ఎవరి నుండి’ అని రెండు ఖాళీలు ఉన్నాయి. మిగిలిన వాక్యమంతా అందరికీ ఒక్కటే. అంటే ఉత్తరం రాసే శ్రమ తప్పింది. దానితోపాటు ఉత్తరంలోని ఆత్మీయమైన మాట కూడ తప్పుకొంది.

అచ్చుయంత్రం ఇంటిలోనికే వస్తే ఆ మాట తిరిగి రావచ్చు. 1984లో అమెరికాలో బ్రోడర్‌బండ్ సంస్థ ఆపిల్-2 గృహ కంప్యూటరు కోసం ‘ది ప్రింట్ షాప్’ అనే ప్రోగ్రామును విడుదల చేసింది. డేవిడ్ బాల్సమ్, మార్టిన్ కాన్ దాని రూపకర్తలు. చిత్రకళ తెలియని గృహిణి, బడికి వెళ్లే బాలుడు సైతం బొమ్మను, అక్షరాలను, అంచును ఎంచుకొని తమ పత్రాన్ని తామే అచ్చు వేసుకోగలిగారు. ఆనాటి ప్రింటరులో సన్నని సూదులు సిరాపట్టీని కొట్టి కాగితంపై చుక్కలు పెట్టేవి. చప్పుడు చెవులు చిల్లులు పడేంత; అక్షరాల అంచులు మెట్లమెట్లుగా ఉండేవి. అయినా అంగడిలో కొన్న నున్నని పత్రంలో లేని సొంత పేరు, సొంత మాట దానిలో ఉండేవి.

ఆ కాలపు పత్రంలోని ఒక కిటుకు నేటికీ పనికివస్తుంది. కాగితానికి ఒకవైపే ముద్రించి, రెండు మడతలతో నాలుగు పుటల పత్రం చేయవచ్చు. ఎ-4 కాగితాన్ని నిలువుగా పెట్టి నాలుగు సమభాగాలుగా ఊహించండి. కింది కుడిభాగం ముఖచిత్రం. కింది ఎడమభాగం వెనుక పుట. పై రెండు భాగాలూ లోపలి పుటలు. వాటిలోని బొమ్మలు, అక్షరాలు తలకిందులుగా ఉండాలి. పై సగాన్ని వెనుకకు మడిచి, ఆపై ఎడమ సగాన్ని వెనుకకు మడిస్తే అన్నీ సరిగా నిలుస్తాయి. శుభాకాంక్షలు సాధారణంగా లోపలి కుడి పుటలో ఉంటాయి. అది విప్పిన కాగితంలో పై ఎడమభాగమన్నమాట. ఇది చదివితే తికమకగా తోచవచ్చు. ఒక చిత్తు కాగితాన్ని మడిచి, పుటలకు పెన్సిలుతో అంకెలు వేసి విప్పి చూడండి, క్షణంలో బోధపడుతుంది. ముఖచిత్రంగా నల్లని రాత్రి ఆకాశాన్ని పెట్టాలని చాలామందికి ముచ్చట. ఆ ఒక్క ఆకాశం ఎంతో సిరా తాగుతుంది, కాగితం తడిసి ముడుచుకుంటుంది. తెల్లని కాగితంపై ఒక్క నక్షత్రం చాలు.

నక్షత్రమంటే తెలుగునాట క్రిస్మస్‌కు ప్రాణం. తూర్పుదేశపు జ్ఞానులకు బేత్లెహేముకు దారి చూపిన చుక్కకు గుర్తుగా, డిసెంబరు రాగానే క్రైస్తవుల ఇండ్ల ముంగిట, చర్చిల మీద రంగు నక్షత్రాలు వెలుగుతాయి. వెదురుబద్దలకు పలుచని కాగితం అతికించి వాటిని కట్టడం కొందరి ఇండ్లలో ఏటేటా జరిగే పనే. జర్మనీలోని నీస్కీలో మొరేవియన్ క్రైస్తవుల పాఠశాలలో పందొమ్మిదో శతాబ్ది పూర్వార్ధంలో క్షేత్రగణితం నేర్పడానికి వేరొక నక్షత్రాన్ని చేయించేవారు. దాని లోపల పద్దెనిమిది చతురస్రాలు, ఎనిమిది సమబాహు త్రిభుజాలు గల ఘనరూపం దాగి ఉంటుంది. వేలాడదీయడానికి పై చతురస్రాన్ని విడిచిపెడితే మిగిలిన ఇరవై అయిదు ముఖాల మీద ఇరవై అయిదు మొనలు నిలుస్తాయి.

కంప్యూటరు ఈ పనిని ఎంతో తేలిక చేస్తుంది. భుజాలు 15 సెంటీమీటర్లు, ఆధారం 5 సెంటీమీటర్లు గల సమద్విబాహు త్రిభుజాన్ని ఒక్కదానిని గీయండి. దానినే నకలు చేసి, విసనకర్రలా నాలుగింటిని పక్కపక్కన చేర్చితే చతురస్రపు మొన. మూడింటిని చేర్చితే త్రిభుజపు మొన. అంచులకు జిగురు పూసే పట్టీలు మరవరాదు. మొదటిది పదిహేడు ప్రతులు, రెండవది ఎనిమిది కావాలి. రంగు కాగితంపై గీతలు మాత్రమే ముద్రిస్తే ఖర్చు తగ్గుతుంది. ప్రింటరు తనంతట తాను బొమ్మను కుదించే అలవాటు కలది కనుక పరిమాణం నూటికి నూరు శాతం ఉన్నదో లేదో స్కేలుతో కొలిచి చూడాలి. కొన్ని కుదిరి, కొన్ని కుదించుకుపోతే ఆధారాలు ఒకదానితో ఒకటి కలవవు. పూర్తయిన నక్షత్రం మొన నుండి మొనకు దాదాపు 41 సెంటీమీటర్లు ఉంటుంది. లోపల వేడెక్కని చిన్న ఎల్.ఇ.డి. దీపమే పెట్టాలి.

తెలుగులో శుభాకాంక్షలు రాయడం మాత్రం చాలాకాలం కష్టసాధ్యంగానే ఉండింది. 1990లలో తెలుగు అక్షరాలను ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా కూర్చింది. ఒక యంత్రంలో ముచ్చటగా కూర్చిన పత్రం, ఆ అక్షరాలు లేని మరో యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల కుప్పగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో గౌతమి అక్షరాలు చేరాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన అక్షరాలు ఉచితంగా లభించాయి. ఇప్పటికీ బొమ్మలు గీసే కొన్ని పాత ప్రోగ్రాములలో వత్తులు విడిపోతాయి. ‘క్రిస్మస్’ అనే మాటే దానికి మంచి పరీక్ష: రావత్తు కకారం కిందికి, మావత్తు సకారం కిందికి చేరకపోతే ఆ ప్రోగ్రామును విడిచి మరొకటి వెతకండి. శుభాకాంక్షల పత్రంలో వత్తు తప్పితే పట్టుచీరకు చిరుగు పడినట్లే!

ఇంత సదుపాయం కలిగిన తరువాత, ఒకే పత్రాన్ని వందమందికి పంపి పేర్లు మాత్రం మార్చే ఏర్పాటు కూడ కంప్యూటరులో ఉన్నది. అది వాడితే మనం తిరిగి 1843కే చేరుకుంటాం. వందమందికి కాక పదిమందికే చేసినా సరే, పదీ వేరువేరుగా ఉండనివ్వండి. చూపు మందగించిన నానమ్మకు పంపే పత్రంలో అక్షరాలు 28 పాయింట్లకు తగ్గకూడదు. ముఖచిత్రంగా ఆమె పెండ్లి జరిగిన చర్చి పాత ఛాయాచిత్రం ఉంటే ఇంకా మంచిది. దూరప్రాంతంలో హాస్టలులో ఉన్న తమ్మునికి, ఈ ఏడు ఇంట్లో చేసిన నక్షత్రంలో వాడు లేని లోటున అతుకు వంకరగా వచ్చిందని రెండు వాక్యాలు చాలు. పండుగ నాడు పళ్లెం పట్టుకొని వెళ్లే పొరుగింటివారికి, ఆ పళ్లెంతోపాటు వారి పిల్లల పేర్లు తప్పులేకుండా రాసిన పత్రం ఇవ్వవచ్చు. అడుగున వేలెడు చోటు మాత్రం ఖాళీగా విడవండి. సంతకం కలంతో చేయవలసి ఉన్నది.